తోడల్లుడి కోసం హోమ్ థియేటర్

హోమ్ థియేటర్ కొనేవాళ్లలో చాలామంది అది తాము వినడానికే అనుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. మనం వినడానికైతే టీవీ అడుగున ఉన్న బుల్లి స్పీకర్లు చాలు. హోమ్ థియేటర్ ఉన్నది పై ఫ్లాటువాళ్లు వినడానికి, సంక్రాంతికి వచ్చే తోడల్లుడు చూడడానికి. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కించుకుంటే మిగతా సలహాలు పాటించడం నల్లేరు మీద నడకే.

షాపులో అడుగుపెట్టగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని వాట్లు? పెట్టె మీద పి.ఎం.పి.ఓ. అని రాసి, పక్కన ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిది. ఆర్.ఎం.ఎస్. జోలికి పోవద్దు. అది ఆంప్లిఫయరు ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. అందుకే ఆ అంకె ఎప్పుడూ చిన్నగా, బీదగా ఉంటుంది. పి.ఎం.పి.ఓ.కి అలాంటి మొహమాటాల్లేవు. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు కాబట్టి ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. పెట్టె ముందు 5000 వాట్లు అని బంగారు రంగులో మెరుస్తుంటుంది. దాన్ని పొరపాటున కూడా వెనక్కి తిప్పకండి. తిప్పారో, కరెంటు వైరు బయటికొచ్చే చోట వెండిరంగు స్టిక్కరొకటి ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే '220-240 వోల్టులు, 50 హెర్ట్జ్, 60 వాట్లు' అని కనబడుతుంది. అంటే గోడలోంచి అరవై తీసుకుని గదిలోకి ఐదు వేలు ఇస్తోందన్నమాట. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఇలాంటి పెట్టెలు లక్షా అరవై మూడు వేలు పోగేస్తే చాలు, కృష్ణలో చుక్క నీరు లేకపోయినా సాగర్‌కు సరిసమానమైన కరెంటు. ఈ సంగతి విద్యుత్ శాఖవాళ్లకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

కాస్త ఎక్కువ డబ్బు పెట్టి పేరున్న ఏవీ రిసీవర్ కొందామనుకునేవాళ్లకు పి.ఎం.పి.ఓ. సుఖం దక్కదు గానీ, అక్కడా వెసులుబాటుంది. ఒకే రిసీవర్‌కు రెండు రకాల అంకెలు ఇస్తారు. 8 ఓమ్‌ల స్పీకరు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లు ఒకేసారి మోగుతూ, డిస్టార్షన్ 0.08 శాతం దాటకుండా అయితే 80 వాట్లు. అదే డబ్బా 6 ఓమ్‌లకు, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒకే ఒక్క చానెల్ మోగుతూ, డిస్టార్షన్ 10 శాతమైనా ఫరవాలేదనుకుంటే 150 వాట్లు. మీరు రెండోదే చదవండి. దాన్ని ఏడుతో గుణించి తోడల్లుడికి 'వెయ్యి పైమాటే' అని చెప్పండి. ఏడు చానెళ్లూ కలిసి గట్టిగా మోగాల్సివస్తే ఒక్కోదానికి ఎంత మిగులుతుందని ఆయన అడగడు. అమెరికాలో ఇలాంటి లెక్కలు శ్రుతి మించితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఆంప్లిఫయరు వాట్లు ఎలా కొలిచి చెప్పాలో నిబంధన పెట్టింది. ఆ నిబంధన కోఠీ దాకా రాలేదు.

వాట్లు రెట్టింపైతే చప్పుడూ రెట్టింపవుతుందన్న మీ నమ్మకాన్ని ఎవరూ చెడగొట్టకుండా చూసుకోండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. 'కొంచెం పెంచినట్టున్నారే' అనిపించేంత. చెవికి రెండింతలుగా వినబడాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే సెన్సిటివిటీ 85 డెసిబెల్స్ ఉన్న స్పీకరు బదులు 91 ఉన్నది తెచ్చుకుంటే నాలుగింతల ఆంప్లిఫయరు కొన్నంత ఫలితం. కానీ ఆ అంకె స్పీకరు మొహాన రాసి ఉండదు, వచ్చినవాళ్లకు కనబడదు. కాబట్టి దండగ.

ఎక్కడ కొనాలంటే, హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీ. సాయంత్రం రద్దీలో వెళ్లండి. బయట ఆటోల హారన్లు, పక్క షాపులో డీజే స్పీకర్ల టెస్టింగు, లోపల మీకు డెమో. ఈ మూడూ కలిసినప్పుడు ఏ స్పీకరు బాగుందో ఇట్టే తేలిపోతుంది. ఏది గట్టిగా మోగితే అది. చెవి స్వభావమే అంత, రెండింటిలో ఒకటి రవ్వంత పై వాల్యూములో మోగినా అదే మెరుగ్గా తోస్తుంది. అందుకే స్పీకర్లను పోల్చేవాళ్లు ముందు రెండింటి వాల్యూమూ సమానం చేసుకుంటారు. మీరు అలా అడిగితే షాపు కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడు. నాబ్ మీద అతని చెయ్యి ఎటు తిరుగుతోందో గమనించకండి. అమ్మాలనుకున్న సెట్టు వంతు రాగానే అది కుడికి తిరుగుతుంది. 'ఇది తీస్కోండి సార్, బిల్డింగ్ మొత్తం షేక్ అయితది' అంటాడు. అక్కడితో బేరం కుదిరినట్టే.

మీకు బాగా తెలిసిన పాట మాత్రం వెంట పట్టుకెళ్లొద్దు. ఘంటసాల గొంతు, సుశీల గొంతు చిన్నప్పటి నుంచీ మీ చెవిలో ఉన్నాయి. ముక్కుతో పాడినట్టు ఏ కాస్త తేడా వచ్చినా చెవి అక్కడికక్కడే పట్టేస్తుంది, కొనడం వాయిదా పడుతుంది. హెలికాప్టరు కూలే సీను వేయించుకోండి. కూలుతున్న హెలికాప్టరు నిజంగా ఎలా మోగుతుందో మనలో ఎవరికీ తెలియదు కనుక ఏ స్పీకరైనా దాన్ని బ్రహ్మాండంగానే వినిపిస్తుంది.

ఇక హైడెఫినిషన్ సౌండు. దీనికి ముందుగా కావలసినవి లోగోలు. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో, హై-రెస్ అని బంగారు రంగు బిళ్ల, ఎన్ని దొరికితే అన్ని. లోపలికి ఏం పంపితే అవి సార్థకమవుతాయన్నది వేరే విషయం. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, మరుసటేడు 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్ థియేటర్లకు వచ్చాయి. రెండూ శబ్దాన్ని కుదించి పంపినవే. డీవీడీలో డాల్బీ డిజిటల్‌కు దక్కింది సెకనుకు 448 కిలోబిట్ల లోపే. 2006లో బ్లూరే వచ్చాక ఆ ఇరుకు పోయింది. ట్రూహెచ్‌డీ సెకనుకు 18 మెగాబిట్ల దాకా, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో 24.5 మెగాబిట్ల దాకా వాడుకోవచ్చు. డిస్కు కోసం స్టూడియోలో సిద్ధం చేసిన ట్రాకు ఒక్క బిట్టు కూడా పోకుండా మీ హాల్లోకి వస్తుంది. లాస్‌లెస్ అంటే ఇదే. ఓటీటీలో, పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ అని వెలిగేది డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి వచ్చే సరుకు. నెట్‌ఫ్లిక్స్‌లో దాని గరిష్ఠం 768 కిలోబిట్లు. నిజం చెప్పాలంటే చాలా ఇళ్లలో ఈ తేడా కన్నా స్పీకరు ఎక్కడ పెట్టారన్న తేడాయే చెవికి ముందు తెలుస్తుంది. కానీ స్పీకరు జరపడానికి బిల్లు ఉండదు, బిల్లు లేనిదాన్ని చూపించుకోలేం.

అందుచేత రిసీవర్ మీద లక్షలు పోయండి, బ్లూరే ప్లేయరు మాత్రం కొనకండి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన 700 ఎంబీ సినిమా పెట్టుకోండి. ఇక 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని ఎక్కడ కనబడినా వదలొద్దు. 1982లో వచ్చిన సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌తోనే మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్‌నూ పట్టేసింది. అదీ కుర్రచెవి. నడివయసు దాటేసరికి పైమెట్లు ఒక్కొక్కటే జారిపోతుంటాయి. ఆపైన ఉన్నదంతా గబ్బిలాలకు పనికొస్తుంది. మీ మామగారు 'ఆహా, తేడా తెలుస్తోంది' అంటే వాదించకండి, అల్లుడి మర్యాద నిలబెడుతున్నారు.

కనెక్షన్ల దగ్గర కొంచెం నిదానించండి. పోసిన డబ్బు అందంగా వృథా అయ్యేది ఇక్కడే. రిసీవర్ వెనక హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్లు వరసగా ఉంటాయి. వాటిని కన్నెత్తి చూడొద్దు. ఉన్న పెట్టెలన్నీ నేరుగా టీవీకి గుచ్చి, టీవీ నుంచి రిసీవర్‌కు ఆప్టికల్ వైరొకటి లాగండి. కొసన ఎర్రగా వెలుగుతుంది, పిల్లలకు ముచ్చట. 1983లో తోషిబా తన సీడీ ప్లేయర్ల కోసం చేసుకున్న ఆ దారి రెండు చానెళ్ల పీసీఎం, పాత డాల్బీ డిజిటల్, పాత డీటీఎస్ వరకే మోయగలదు. ట్రూహెచ్‌డీ అందులో పట్టదు. దానికి 2006 నాటి హెచ్‌డీఎంఐ 1.3 దారి తెరిచింది. టీవీ నుంచి శబ్దాన్ని వెనక్కి పంపే ఆర్క్ 2009లో 1.4తో వచ్చింది, అది ఓటీటీ అట్మాస్ వరకు సరిపోతుంది. లాస్‌లెస్‌ను వెనక్కి పంపాలంటే 2017లో విడుదలైన 2.1లోని ఈ-ఆర్క్ కావాలి. టీవీకి నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాలుంటే మామూలుగా ఒకదాని పక్కనే ఈ-ఆర్క్ అని రాసి ఉంటుంది. మిగతా మూడింటిలో మీకు నచ్చింది ఎంచుకోండి. పొరపాటున సరైన దాంట్లోనే గుచ్చినా కంగారు పడొద్దు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర 'పీసీఎం' అని ఉంటే దాన్ని 'పాస్‌త్రూ'కి మార్చకుండా వదిలేస్తే చాలు, చాలా టీవీల్లో ఎంత భారీ సినిమా అయినా రెండు చానెళ్లకు నలిగి వస్తుంది.

మరి మిగతా స్పీకర్లు మోగవా అంటే, రిమోటు మీద 'ఆల్ చానెల్ స్టీరియో' ఎందుకుంది? నా లెక్కలో మొత్తం యంత్రంలో పనికొచ్చే బటన్ అదొక్కటే. సినిమాలో వెనక స్పీకర్లు చాలాసేపు ఊరికే ఉంటాయి. వాన పడితేనో, జాతరలో జనం కేకలేస్తేనో, వెనకనుంచి బాణం దూసుకొస్తేనో పలుకుతాయి. మిక్సింగ్ చేసినవాళ్లు కావాలనే అలా పెట్టారు. ఇంటాయనకు అది నచ్చదు. సోఫా మీద మోకాళ్లేసి, వెనక స్పీకరు జాలీకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటాడు. ఏమీ రాదు. షాపుకు ఫోను చేస్తాడు. షాపువాడికి ఇది రోజూ ఉండే బాగోతమే, ఫోన్లోనే ఆ బటన్ నొక్కిస్తాడు. ఇక హీరో ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే మాట వెనక గోడలోంచి కూడా వస్తుంది. ఐదుకు ఐదూ మోగుతున్నాయి, పైసా వసూల్.

వైర్ల దగ్గర పిసినారితనం వద్దు. హెచ్‌డీఎంఐ వైరులో వెళ్లేవి సున్నాలూ ఒకట్లూ. చేరితే చేరతాయి, లేదంటే తెర మీద మెరుపులొస్తాయి, శబ్దం తెగిపోతుంది. మూడు వందల వైరులో క్షేమంగా చేరిన సున్నాకు ముప్పై వేల వైరులో కొత్త గుండ్రదనం రాదు. ఐనా బంగారు పూతదే కొనండి, బంగారం ఎప్పటికైనా బంగారమే. స్పీకరు వైర్లకు ఎరుపూ నలుపూ చూసి కలపనక్కర్లేదు. ముందు జతలో ఒకదానికి తిరగేసి కలిపితే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. బాసు మధ్యలోనే కొట్టుకుపోతుంది, గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియదు. అడిగినవాళ్లకు ఇదే సరౌండ్ అని చెప్పండి.

స్పీకర్లు ఎక్కడ పెట్టాలో డాల్బీవాళ్ల బొమ్మల్లో ఏవో కోణాలుంటాయి. ముందు రెండూ మీరు కూర్చున్న చోటి నుంచి చూస్తే 22 నుంచి 30 డిగ్రీలు పక్కకు, సరౌండ్‌లు 90 నుంచి 110 డిగ్రీల దగ్గర, చెవి ఎత్తులోనో కాస్త పైనో. వాళ్లకు వాస్తు తెలియదు. నైరుతిలో బరువుండాలి, సబ్‌వూఫర్ అక్కడ. రిసీవర్ వేడెక్కే వస్తువు, ఆగ్నేయానికి. ఈశాన్యం ఖాళీగా ఉండాలి. ముందు ఎడమ స్పీకరు సరిగ్గా అక్కడే పడిందా, తీసి వంటింటి గుమ్మం పక్కన పెట్టండి, ఆవిడకీ వినబడుతుంది. సరౌండ్‌లను చెవి ఎత్తులో పెడితే పిల్లలు పుల్లలు గుచ్చుతారు. అటక ఎత్తున, పెద్దల ఫొటోల వరసలో మేకు కొట్టి తగిలించండి. తాతగారికీ నాయనమ్మకూ మధ్యలోంచి బాణాలొచ్చినా వాళ్లేమీ అనుకోరు. రిసీవర్‌కు బొట్టు పెట్టాక దాని నెత్తిన వేడి పోయే జాలీ మీద క్రోషా గుడ్డ పరిచి, ఆపైన పూలకుండీ. వేసవిలో అది తనంతట తనే ఆగిపోతే పాపం అలిసిపోయిందనుకోండి.

గది చదరంగా ఉంటే మరీ మంచిది. 12 అడుగులకు 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దతరంగం నిలబడిపోతుంది. పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో రెండు జతల గోడలూ అదే స్వరాన్ని పట్టుకు ఊపుతాయి. సబ్‌వూఫర్ మూలనుంటే వాటికి ఇంకా ఉత్సాహం. వెనక గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే పాటైనా పేలుడైనా ఒకటే 'ఢుమ్'. గది నడుమకొచ్చి కూర్చున్నారా, ఆ 'ఢుమ్' దాదాపు మాయం. తోడల్లుణ్ని గోడ పక్కన కూర్చోబెట్టండి. సబ్‌వూఫర్‌ను ముందు సోఫాలో మీ చోట పెట్టి, మీరు నేల మీద పాకుతూ తిరిగి, బాసు ఎక్కడ సమంగా వినబడితే అక్కడికి దాన్ని మార్చే పద్ధతి ఒకటుంది. బాగానే పనిచేస్తుంది. కానీ పెళ్లీడుకొచ్చిన పిల్లలున్న ఇంట్లో ఇంటిపెద్ద పాకడం ఏం బాగుంటుంది?

గోడలు బోసిగా, నేల విట్రిఫైడ్ టైల్స్‌తో, ఒక వైపంతా గాజు తలుపులతో ఉంటే ఇంకేం కావాలి. నడిమధ్య నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ట్ర్‌ర్‌ర్‌మని గోడల మధ్య తిరుగుతూ మోగిందా, మీ గది సిద్ధం. తివాచీ, మందపాటి పరదాలు, పుస్తకాల బీరువా లాంటివి ఆ మోతను మింగేస్తాయి, లోపలికి రానివ్వకండి. షోకేసు మాత్రం ఉండాలి, సబ్‌వూఫర్‌కు ఆనుకుని. అందులో కొండపల్లి బొమ్మలు. హీరో ఎంట్రీకి బాసు పడగానే ముందు గాజు పలక కిర్రుమంటుంది. తర్వాత అంబారీ ఏనుగు అర అంగుళం, అర అంగుళం చొప్పున అంచు వైపు జరగడం మొదలుపెడుతుంది. దశావతారాల్లో వామనుడు గొడుగుతో సహా వెనక్కి తిరిగిపోతాడు. ట్రూహెచ్‌డీలో కూడా లేని చానెల్ ఇది.

అట్మాస్ 2012లో 'బ్రేవ్'తో థియేటర్లకు, 2014లో ఇళ్లకు వచ్చింది. పైనుంచి శబ్దం రావడానికి కప్పుకు స్పీకర్లు బిగించాలి, లేదా పైకి చూసే స్పీకర్లతో శబ్దాన్ని చదునైన కప్పుకు కొట్టి కిందికి రప్పించాలి. మీ ఫాల్స్ సీలింగ్‌లో మూడు మెట్లు, నడుమ తామరపువ్వు, దాని కింద ఫ్యాను. హెలికాప్టరు ఆ రేకుల్లో చిక్కుకుని ఇక దిగదు. ఒక్క సౌండ్‌బార్‌తో అన్నీ అయిపోతాయన్నవాళ్ల మాట కూడా నమ్మండి. అది పక్క గోడలకు కొట్టి శబ్దాన్ని మీ దగ్గరకు తిప్పాలి. మీకు ఎడమవైపు గోడ, కుడివైపు తెరిచిన బాల్కనీ. కుడి సరౌండు కాలనీ పార్కులో నడుస్తున్నవాళ్లకు చేరుతుంది.

రిసీవర్ పెట్టెలో చిన్న మైకొకటి ఉంటుంది. దాన్ని ట్రైపాడ్ మీద మీ తల ఉండే చోట, చెవి ఎత్తులో నిలబెట్టి, ఇల్లు నిశ్శబ్దంగా ఉండగా గదిని కొలవమంటుంది పుస్తకం. మన ఇళ్లలో నిశ్శబ్దం కరెంటు పోయినప్పుడే ఉంటుంది, అప్పుడు రిసీవర్ పనిచెయ్యదు. కాబట్టి ఆదివారం వంట టైములో, ఫ్యాను ఐదులో పెట్టి, మైకు చేత్తో పట్టుకుని కూర్చోండి. స్పీకర్లు ఒక్కొక్కటే కూత వేస్తాయి. నడుమ కుక్కరూ వేస్తుంది. అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆఖర్న తెర మీద మీ స్పీకర్ల ఎదురుగా 'స్మాల్' అని పడుతుంది. నడుమెత్తు స్పీకర్లు తెచ్చుకుంటే ఈ మాటా! స్మాల్ అంటే 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌వూఫర్‌కు పంపమని అర్థం, సైజుతో పనిలేదు. ఐనా అవమానం అవమానమే. వెంటనే 'లార్జ్' చేసేయండి. సబ్‌వూఫర్‌కు విశ్రాంతి, ముందు స్పీకర్లు చేతకాని బాసు మోస్తూ గురకపెడతాయి.

సెంటర్ స్పీకరు మిగిలింది. సినిమాలో మాటలు చాలావరకు దాంట్లోంచే వస్తాయి, అందుకే దానికి మిగిలిన చోటు ఇస్తే చాలు. ఇంటీరియర్ డిజైనర్ టీవీ యూనిట్‌లో మోకాలి కన్నా కింద, గాజు తలుపుతో అర ఒకటి ఇచ్చే ఉంటాడు. సెంటర్‌ను అందులో వెనక్కంటా తోసి తలుపు వేసేయండి. 'వాడేమన్నాడు?' అని ఇంట్లో ఒకరినొకరు అడుక్కోవడం మొదలవుతుంది. వాల్యూము 40కి పెంచండి, మాట వినబడుతుంది, మరుక్షణం ఫైటు. 20కి దించండి, మళ్లీ మాట. చిన్న చప్పుళ్లనూ పెద్ద చప్పుళ్లనూ దగ్గరకు తెచ్చే నైట్ మోడ్ రిసీవర్‌లో ఉంటుంది. సెంటర్ ఒక్కదాన్నే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకునే వీలూ ఉంటుంది. మెనూలో అంత లోతుకు వెళ్లొద్దు, దారి తప్పుతారు. టీవీ స్పీకర్లు కూడా ఆన్ చేసేయండి. రెండు చోట్లా శబ్దం ఒకే క్షణంలో రాదు కనుక ప్రతి మాటా రెండుసార్లు వస్తుంది. మొదటిసారి తప్పిపోయినా రెండోసారి దొరుకుతుంది. అప్పటికీ అత్తగారు ఏమీ అర్థం కావట్లేదంటే తెలుగు సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టండి. ఆవిడకు ఇంగ్లీషు రాకపోతే మీరే పక్కన కూర్చుని చదివి తెలుగులో చెప్పండి, కొంచెం గట్టిగా.